తీరం కనుచూపులో

పాఠ్యభాగ పరిచయం

నౌకాయానం అనగానే మహానౌకలు, ఖండాంతర యాత్రలు స్ఫురిస్తాయి. తీరం కంటికి ఆనుతుండగానే, పిల్లలతో కలిసి చిన్న తెరచాప పడవలో ఒక పగటిపూట విహరించి రావటం కూడా నౌకాయానమే. ఇంగ్లండు దక్షిణ తీరంలో ప్రచారంలో ఉన్న ఈ వ్యాపకాన్ని పరిచయం చేస్తూ, సాహసానికి వివేకం ఎంత అవసరమో విద్యార్థులకు తెలియజేయటం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నలువైపులా సముద్రమున్న దేశం బ్రిటన్. అక్కడి ప్రజలకు కడలితో చుట్టరికం అనాదిగా ఉన్నదే. అయినా సరదాకోసం సొంత పడవ కలిగి ఉండటం చాలాకాలం సంపన్నులకే చెల్లింది. 1963లో వచ్చిన 'మిర్రర్' పడవ ఈ స్థితిని కొంత మార్చింది. పడవల రూపశిల్పి జాక్ హోల్ట్, ఇంటి మరమ్మతులు స్వయంగా చేసుకోవటాన్ని టెలివిజన్‌లో నేర్పిన బారీ బక్‌నెల్ కలిసి దీనిని రూపొందించారు. 'డెయిలీ మిర్రర్' పత్రిక ప్రచారమిచ్చింది. ప్లైవుడ్ పలకలను రాగితీగతో కుట్టి, అతుకులపై గాజునార పట్టీలు అంటించి, సామాన్య గృహస్థు సైతం ఇంటివద్దనే దీనిని తయారుచేసుకోగలిగాడు. పొడవు 3.3 మీటర్లు. ఖాళీ పడవ బరువు సుమారు 45 కిలోలు. ఎర్రని తెరచాపలు దీని గుర్తు. ఇటువంటి పడవలు డెబ్బై వేలకు పైగా తయారయ్యాయి. చక్రాల ట్రైలర్‌పై ఎక్కించి, కారు వెనుక తగిలించి, కోరిన రేవుకు తీసుకొనిపోవచ్చు.

తెరచాపను నిలిపే కొయ్యకు సంస్కృతంలో 'గుణవృక్షం' అని పేరు. గుణమంటే తాడు. తాళ్ళు కట్టిన చెట్టు వంటిది కనుక ఆ పేరు తగినదే. చుక్కాని దిశను నిర్ణయిస్తుంది. అడుగున దించే పలక పడవ పక్కకు జారిపోకుండా ఆపుతుంది. గాలికి సూటిగా ఎదురుపోవటం ఏ తెరచాప పడవకూ సాధ్యం కాదు. ఏటవాలుగా కొంతదూరం ఒకవైపుకు, కొంతదూరం రెండవవైపుకు మలుపులు తిరుగుతూ సాగవలసిందే. కాబట్టి గాలి ఎదురైతే తిరుగు ప్రయాణం వెళ్ళినంత సులభంగా ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పశ్చిమ ససెక్స్‌లోని చిచెస్టర్ హార్బర్ విశాలమైన సహజ రేవు. దాని లోపలి ఒడ్డున ఇచెనార్ అనే గ్రామం ఉంది. రేవు ముఖద్వారానికి తూర్పున ఈస్ట్ హెడ్ అనే ఇసుక తిన్నె ఉంది. వేసవి సెలవులలో ఒక తల్లి పన్నెండేళ్ళ కూతురితో, తొమ్మిదేళ్ళ కొడుకుతో ఇచెనార్ వద్ద పడవ దించి, ఈస్ట్ హెడ్ ఇసుకలో భోజనం చేసి, సాయంత్రానికి తిరిగి రావాలని సంకల్పించిందనుకుందాం.

పడవ దించటానికి ముందే ఆమె ఆటుపోట్ల పట్టిక చూడాలి. పున్నమి, అమావాస్యలను అనుసరించి వచ్చే పెద్ద పోటులకు అక్కడ నీటిమట్టం దాదాపు నాలుగు మీటర్ల మేర పెరిగి తగ్గుతుంది. పాటు సమయంలో అంత పెద్ద రేవులోని నీరంతా ఇరుకైన ముఖద్వారం గుండా బయటకు పరుగెడుతుంది. ఆ ప్రవాహానికి చిన్న పడవ ఎదురీదలేదు. ద్వారం వెలుపల ఇసుక మేట ఉంది. లోపలినుండి పాటు, వెలుపలినుండి బలమైన దక్షిణపు గాలి ఎదురెదురైనప్పుడు అక్కడ అలలు నిటారుగా లేచి విరుగుతాయి. అందువల్ల పాటు చివరిదశలో మెల్లగా దిగివెళ్ళి, పోటు తోడుగా తిరిగిరావటం ఆమె పథకం.

తరువాత గాలి. ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే నౌకాధికారి 1805లో గాలి బలాన్ని అంకెలతో సూచించే పద్ధతిని ఏర్పరచాడు. అందులో 3 అంటే గంటకు 7 నుండి 10 నాటికల్ మైళ్ళు. అక్కడక్కడ మాత్రమే నురుగు కనిపిస్తుంది. 4 అంటే 11 నుండి 16. పిల్లలున్న చిన్న పడవకు 4 వద్దనే పునరాలోచన అవసరం. భూమి మీదినుండి కడలివైపు వీచే గాలి మరింత మోసకారి. ఒడ్డున నీరు అద్దంలా ఉంటుంది. దూరం పోయినకొద్దీ గాలి బలపడుతుంది. ఆపైన ఒడ్డుకు రావాలంటే ఆ గాలికే ఎదురు సాగాలి.

అందరూ ఒంటికి సరిపోయిన లైఫ్ జాకెట్లు ధరిస్తారు. కూతురు ముందరి తెరచాప తాడు పట్టుకుంటుంది. ఇతర పడవలను కనిపెట్టి చెప్పటం కొడుకు వంతు. చేతికి పని ఉన్న పిల్లలకు భయం తక్కువ. అల్లరి చేసే పిల్లవాడి కంటె, ఉన్నట్టుండి మాట మాని ముడుచుకున్న పిల్లవాడిని ఎక్కువగా గమనించాలి. అది చలికి గాని, భయానికి గాని గుర్తు. పడవ తిరగబడితే దానిని విడిచి ఈదరాదని, పట్టుకొని ఉండాలని ఆ తల్లి ముందుగానే లోతులేని నీటిలో వారిచేత అభ్యాసం చేయించింది.

ఈస్ట్ హెడ్ సమీపించేసరికి పాటు ఇంకా ఆగలేదు. ఎదుట ద్వారం, దానికి ఆవల వెలుగుతున్న సముద్రం. "అమ్మా! ఇంకొంచెం ముందుకు పోదాం. పెద్ద సముద్రం చూసి వచ్చేద్దాం" అన్నాడు కొడుకు. ఎండ కాస్తున్నది. గాలి హాయిగా ఉన్నది. కాదనటానికి కంటికి కనిపించే కారణం ఒక్కటీ లేదు. కారణం నీటి అడుగున ఉన్నది. తల్లి చుక్కాని తిప్పింది. "మనం ఎంతదూరం పోగలమో నీకు కనిపిస్తున్నది నాయనా! ఎలా తిరిగి రాగలమో నేను చూడాలి" అన్నది. పిల్లవాడు అలిగాడు. ఇసుకలో భోజనం ముగిసేలోగా అలక తీరింది. నీరు తిరిగి లోపలికి మళ్ళినప్పుడు, తమను తీసుకొని వస్తున్న ప్రవాహాన్ని వాడే తల్లికి చూపించాడు.

ఆర్థర్ రాన్సమ్ 1937లో రచించిన 'వియ్ డిడింట్ మీన్ టు గో టు సీ' నవలలో నలుగురు పిల్లలున్న పడవ, పోటుకు లంగరు పట్టుతప్పి, పొగమంచులో కడలిపాలవుతుంది. ఆ పిల్లలు చివరకు హాలండు తీరం చేరుకున్నారు. కథలోని మేలుకు రచయిత పూచీ. జీవితంలో ఆ పూచీ పడవ నడిపేవారిదే. ఆపదలో ఆదుకోవటానికి 1824లో స్థాపితమైన ప్రాణరక్షక నౌకల సంస్థ అక్కడ ఉంది. దాని నావికులలో అత్యధికులు స్వచ్ఛంద సేవకులు. అనాలోచితంగా బయలుదేరినవారు తమ ప్రాణాలతోపాటు ఆ సేవకుల ప్రాణాలను కూడా పణం పెడుతున్నారని మరువరాదు.

హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో కూడా పిల్లలు చిన్న తెరచాప పడవలు నడపటం నేర్చుకుంటున్నారు. సరస్సుకు ఆటుపోట్లు లేకపోయినా గాలి చెప్పే పాఠం ఒక్కటే. ముందుకు సాగటానికి ధైర్యం చాలు. వేళ తెలిసి వెనుదిరగటానికి ధైర్యంతోపాటు వివేకం కూడా కావాలి.

అర్థాలు

పోటు : సముద్రపు నీరు పెరగటం
పాటు : సముద్రపు నీరు తగ్గటం
మేట : నీటి అడుగున పేరుకున్న ఇసుక
పణం : పందెంగా ఒడ్డినది
పూచీ : బాధ్యత

ప్రశ్నలు

1. పిల్లలతో పడవలో బయలుదేరే ముందు పెద్దలు తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. "కారణం నీటి అడుగున ఉన్నది" అనే వాక్యంలోని భావాన్ని సందర్భసహితంగా తెలపండి.
3. 'మిర్రర్' పడవ సామాన్యులకు ఎలా అందుబాటులోకి వచ్చింది?
4. మీ జీవితంలో వెనుకడుగు వేయటమే మేలైన సందర్భాన్ని పది వాక్యాలలో రాయండి.