దెబ్బకు డాలు – ఎండకు నీడ

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు అను రెండు పట్టణములు కలవు. ఆదోని ప్రత్తి వ్యాపారమునకును, ఎమ్మిగనూరు చేనేత వస్త్రములకును పేరుగాంచినవి. నల్లరేగడి పొలములు, నడుమ నడుమ బండరాళ్ల గుట్టలు, దూరదూరముగా నిలిచిన వేపచెట్లు – ఇది మా సీమ. ఇచట నీడ కొంచెము, ఎండ మిక్కుటము. ఉగాది దాటినది మొదలు మృగశిర కార్తె ప్రవేశించువరకు పగటి వేడిమి పలుమారులు 40 డిగ్రీలను మించును. అయినను పనులు ఆగవు. గోడలు కట్టు మేస్త్రీలు, రహదారులు వేయు కూలీలు, విద్యుత్ స్తంభముల నెక్కువారు, మార్కెట్టు యార్డులో ప్రత్తి బోరెములు మోయు హమాలీలు ఆ ఎండలోనే పాటుపడుదురు. తుంగభద్ర దిగువ కాలువవంటి కాలువలను నీరు కట్టినప్పుడే గాని బాగుచేయ వీలులేదు. ఆ నీరు కట్టునది వేసవియందే. ఇట్టివారి తలకు చెడని నీడను కల్పించుట యెట్లు? ఇదియే మన నేటి పాఠము.

మా ప్రాంతపు పెద్దలు తలకు రుమాలు చుట్టుకొనుట తరతరములనుండి వచ్చుచున్న అలవాటు. చూచుటకు అది అలంకారమువలె తోచును. కాని అందొక శాస్త్రము కలదు. పలు చుట్లుగా చుట్టిన నూలుబట్ట పొరల నడుమ గాలి నిలుచును. అట్లు నిలిచిన గాలి పైవేడిని త్వరగా లోనికి పోనీయదు. నూలు చెమటను పీల్చుకొనును. ఆ చెమట ఆరునప్పుడు శరీరమునుండి వేడిని తీసికొనిపోవును. ఒక గ్రాము చెమట ఆవిరి యగుటకు సుమారు 580 కెలోరీల వేడిమి వలయును. మట్టికుండలోని నీరు వేసవిలో చల్లబడుటకును ఇదియే కారణము. రుమాలు కొంగును వెనుకకు వ్రేలాడవిడిచిన మెడకును నీడ కలుగును.

ఇంత మేలు చేయు రుమాలునకు ఒక లోపము కలదు. అది పైనుండి పడు ఇటుకను ఆపలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట, నేను ప్రధానోపాధ్యాయ పదవినుండి విరమించిన పిమ్మట, ఎమ్మిగనూరులో మా వీధి చివర ఒక మూడంతస్తుల కట్టడము లేచుచుండెను. పనివారందరికిని పసుపుపచ్చని హెల్మెట్లు ఈయబడెను. వైశాఖమాసమున ఒకనాడు మిట్టమధ్యాహ్నము నేనటు పోవుచుండగా, మేస్త్రీ యొకడు రుమాలు చుట్టుకొని గోడ కట్టుచుండెను. అతని హెల్మెట్టు పరంజి కొయ్యకు వ్రేలాడుచుండెను.

“నాయనా! తలకు పెట్టుకొనవలసినదానిని కొయ్యకు పెట్టితివేమి?” అని అడిగితిని.

అతడు నవ్వి, “అయ్యవారూ! దానిని పెట్టుకొన్నచో మెడకు నీడ లేదు, చెవులకు నీడ లేదు. రుమాలుమీద పెట్టుకొందమన్న తలకు పట్టదు. ఎండ దినదినమును కొట్టును. ఇటుక ఎప్పుడో గాని పడదు గదా!” అనెను.

నాకు ఉత్తరము తోచలేదు.

నాలుగు దినములకే ఆ ‘ఎప్పుడో’ వచ్చినది. పై అంతస్తునుండి ఇటుక ముక్క యొకటి జారి అతని తలపై పడెను. రుమాలు మడతలు దెబ్బను కొంత తగ్గించినవి గాని, తలకు ఆరు కుట్లు పడినవి. దైవవశమున ప్రాణము దక్కినది. నేను చూడబోయినప్పుడు అతడు, “అయ్యవారూ! ఇకమీద హెల్మెట్టు తీయను. కాని ఎండ సంగతి యేమి చేయవలెనో మీరే చెప్పవలెను” అనెను. నలువది సంవత్సరములు పిల్లలకు పాఠములు చెప్పిన నేను, ఆనాటినుండి ఈ చిన్న విషయమున మరల విద్యార్థినైతిని.

మొదట హెల్మెట్టు చరిత్రను తెలిసికొంటిని. అమెరికా దేశమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరవాసి ఎడ్వర్డ్ బుల్లార్డ్ మొదటి ప్రపంచయుద్ధమున సైనికులు ధరించు లోహపు టోపీలను చూచినవాడు. ఆయన 1919లో మందపు గుడ్డను ఆవిరిపట్టి, జిగురు పూసి, గట్టిపరచి, శ్రామికులకొక టోపీ చేసెను. 1933లో ప్రారంభమైన గోల్డెన్ గేట్ వంతెన నిర్మాణమున పనివారందరును గట్టి టోపీ ధరించి తీరవలెనని నియమ మేర్పడెను. పిమ్మట అల్యూమినియము, గాజునార, తుదకు ప్లాస్టిక్కు వాడుకలోనికి వచ్చినవి. మన దేశమున ఇట్టి హెల్మెట్లకు ఐ.ఎస్. 2925 అను ప్రమాణము ఏర్పరుపబడి, 1984లో సవరింపబడినది. దెబ్బకు తట్టుకొనుటయే వీని ముఖ్య ప్రయోజనము.

హెల్మెట్టులో రెండు భాగములు కలవు. పైది గట్టి చిప్ప. లోనిది తలను పట్టియుంచు పట్టీల అల్లిక. ఈ రెంటి నడుమ సుమారొక అంగుళమో, కొంచె మెక్కువో ఖాళీ యుండును. ఆ ఖాళీ వ్యర్థమైనది కాదు. పైన దెబ్బ తగిలినప్పుడు చిప్ప కొంచెము దిగును, పట్టీలు సాగును; దెబ్బయొక్క బలము తలనంతటను పంచబడి తగ్గును. లోపల తువ్వాలు కుక్కినచో ఆ ఖాళీ పూడిపోవును. పట్టీలు సాగుటకు చోటుండదు. కావున రుమాలుమీద హెల్మెట్టు పెట్టుకొనుట రెండింటిని కలుపుట కాదు, రెండింటిని చెరుపుట.

మా ప్రాంతపు ఇండ్లు మిద్దెలు. మిద్దెకు పైకప్పు బలమైనది, కాని చూరు లేదు. ఎండ నేరుగా గోడకు కొట్టును. గుడిసెకు చూరు కలదు. గోడకు నీడ కలదు. ముందు చిన్న అంచుమాత్రము గల హెల్మెట్టు తలమీది మిద్దెవంటిది. దానికి చూరు కట్టవలెను. కట్టునప్పుడు మిద్దె బలము చెడరాదు. మేస్త్రీ ప్రశ్నకు ఉత్తరము ఈ ఒక్క మాటలో నున్నదని నాకు తోచెను.

ఇది చిన్న విషయము కాదు. 2015 మే మాసపు వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో రెండు వేలమందికి పైగా మరణించిరి. 2017లో కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామములచెంత 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము సిద్ధమైనది. ఎండను పట్టు పలకలను ఎండలోనే గదా నిలుపవలెను! పనులు పెరిగినకొలది, చెట్టునీడ లేని చోట హెల్మెట్టు ధరించువారి సంఖ్యయు పెరుగుచున్నది.

మా వీధి దర్జీ సహాయముతో మొదటి ప్రయత్నము చేసితిని. పలుచని తెల్లబట్టకు సాగెడి రబ్బరు పట్టీ కుట్టి హెల్మెట్టు చుట్టును తొడిగితిమి. మేస్త్రీ దానిని నెల దినములు ధరించి, తిరిగి తెచ్చి, “అయ్యవారూ! పట్టీ సాగి వదులైనది. గాలికి బట్ట ముఖముమీద పడుచున్నది. చెవులు కప్పుటచే పైనుండి పిలిచిన కేక వినబడుటలేదు” అని మూడు తప్పులు చూపెను. నేను నాలుగవది కనుగొంటిని. బట్టను సూర్యునికెదురుగా పట్టిచూడగా, నేత సందులనుండి వెలుతురు ధారాళముగా వచ్చుచుండెను. చర్మమును కమిలించు అతినీలలోహిత కిరణములు కూడ ఆ సందులనుండియే వచ్చును. పలుచని తెల్లని నూలుబట్ట తడిసినచో ఇంకను ఎక్కువ చొచ్చును.

రెండవ పర్యాయము దగ్గరనేత గల ముతక నూలుబట్టను తీసికొంటిమి. అది నిలుచుటకై మేస్త్రీ కొడుకు హెల్మెట్టు అంచునకు నాలుగు రంధ్రములు పొడిచి, గుండీలు బిగించెను. పని చక్కగా కుదిరినదని వాడు సంతోషించెను. కాని చిప్పకు రంధ్రము చేయరాదని తెలిసి నేను ఉలికిపడితిని. దెబ్బ తగిలినప్పుడు పగులు అట్టి రంధ్రమువద్దనే మొదలగును. విద్యుత్తు పనివారి హెల్మెట్టునకు రంధ్రము మరింత ప్రమాదకరము. జిగురు, రంగు, థిన్నరు మున్నగునవియు కొన్ని ప్లాస్టిక్కులను కనబడకుండ బలహీనపరచును. ఆ హెల్మెట్టును పారవేసి, అతనికి క్రొత్తది ఇప్పించితిమి.

మూడవ పర్యాయము రంధ్రము లేదు, రబ్బరు లేదు. బట్ట పైయంచును మడచి కుట్టి, అందులో లంగాకు దూర్చినట్లు బొందు దూర్చితిమి. దానిని హెల్మెట్టు అంచు పైభాగమున చుట్టి బిగించిన జారకుండ నిలిచినది. బట్ట ఒక చెవి వెనుకనుండి రెండవ చెవి వెనుకకు వచ్చి, భుజములవరకు దిగెను. చెవుల వద్ద వేడి గాలి పోవుటకును, కేక వినబడుటకును సందు విడిచితిమి. చెవులకు నీడకై ఆ చోట అంచును మాత్రము కొంచెము వెడల్పు చేసితిమి. గాలికి లేవకుండుటకు క్రిందియంచును రెండు మడతలుగా కుట్టించితిమి. కుట్టుటకు పాలియెస్టరు దారము వాడితిమి. ఎండకు నైలాను దారముకంటె అది ఎక్కువకాలము నిలుచును. ఎచటనైన చిక్కుకొన్న యెడల మెడను లాగక బొందు ముడి ఊడిపోవునట్లు వేసితిమి. కాంక్రీటు కలుపు యంత్రము చెంత మాత్రము బట్టను తీసివేయవలెనని నియమము పెట్టుకొంటిమి. తిరుగు యంత్రమునకు వ్రేలాడు బట్ట శత్రువు. ఇది పెట్టుకొనుటకు ముందు పనిమీది ఇంజనీరునకు చూపి ఆయన అనుమతి పొందితిమి. హెల్మెట్లు చేయువారే తమ చిప్పకు తగిన మెడతెరలను, వెడల్పు అంచులను అమ్ముదురు. అవి దొరకినచోట వానినే వాడుట మేలు.

బట్ట రెండు వేసవులు నిలిచినది. బొందు మాత్రము ఏటేట మార్చవలసివచ్చెను. దానికి అయిన ఖర్చు స్వల్పము. చిరకాలము నిలుచు వస్తువనగా ఎన్నడును చెడనిది కాదు; చెడు భాగము సులభముగా మారునది.

ఎండ బట్టనే కాదు, హెల్మెట్టునుకూడ తినును. అతినీలలోహిత కిరణములచే ప్లాస్టిక్కు క్రమముగా పెళుసగును. మెరుపు పోయి సుద్ద పూసినట్లు తెల్లబారుట, సన్నని పగుళ్లు కనబడుట దాని లక్షణములు. అంచు అడుగున తయారైన నెల, సంవత్సరము అచ్చువేయబడి యుండును. దానిని చూచుకొని, తయారీదారు చెప్పిన గడువునకు మార్చవలెను. పని లేనప్పుడు ఎండలో పడవేయక నీడలో నుంచవలెను. సబ్బునీటితో కడుగవలెనే గాని కిరసనాయిలుతో తుడువరాదు. తెల్లని చిప్ప ముదురు రంగు చిప్పకంటె తక్కువ వేడిని గ్రహించును.

హైదరాబాదున ముగ్గురు యువ ఇంజనీర్లు జార్ష్ అను సంస్థను నెలకొల్పి, 2018 నాటికి లోపల చల్లగాలి వీచు హెల్మెట్టును తయారుచేసిరి. అది బ్యాటరీతో పనిచేయును. తెలుగుబిడ్డల ఈ ప్రయత్నము మెచ్చదగినది. అయినను దినకూలికి పోవువాని తలకు వెంటనే అందునది గజము బట్టయు, ఒక బొందును.

ఎమ్మిగనూరున అట్టి బట్టకు కొదువలేదు. 1938లో మాచాని సోమప్పగారు ఇచట చేనేతవారి సహకార సంఘమును స్థాపించి, మగ్గమును నమ్ముకొన్న కుటుంబములకు దారి చూపిరి. 1954లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించెను. నీడలో కూర్చుండి నేయువాని బట్ట, ఎండలో నిలిచి కట్టువాని మెడను కాచుట ఎంత చక్కని సంబంధము!

మేస్త్రీ భార్యయు ఆ కట్టడముననే ఇసుక తట్టలు మోయుచుండెను. ఒకనాడామె, “అయ్యవారూ! ఆయనకు చేసితిరి, బాగున్నది. తలమీద చుట్టకుదురు పెట్టి తట్ట మోయు మాకు హెల్మెట్టు ఎట్లు నిలుచును?” అని అడిగెను. ఆ ప్రశ్నకు బట్టతో ఉత్తరము లేదు. బరువును తలమీదనుండి దింపి, త్రోపుడుబండిమీదనో గిలకతాటిమీదనో పెట్టినప్పుడే ఆమె తలకు హెల్మెట్టును, నీడయు దక్కును. తల నీడనున్నంత మాత్రమున చాలదనియు గుర్తుంచుకొనవలెను. మాటిమాటికి నీరు త్రాగుట, మిట్టమధ్యాహ్నము విశ్రమించుట, ప్రొద్దుటనే పని మొదలిడుట – ఇవి లేనిదే ఏ టోపీయు వడదెబ్బను ఆపలేదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లగుదురు, కొందరు మేస్త్రీలగుదురు, కొందరు పనులు చేయించువారగుదురు. ఒక వస్తువును ఇచ్చినంతనే మన బాధ్యత తీరదు. దానిని ధరించువాడు ఎందుకు కొయ్యకు తగిలించెనో అడుగవలెను. అతని జవాబులో మన తప్పు దాగియుండవచ్చును. ఆనాడు కట్టడము పని చేయించినవారు హెల్మెట్టునిచ్చిరి గాని అడుగలేదు. నేను అడిగితిని గాని నాలుగు దినములు ఊరకుంటిని. ఆ ఆరు కుట్లలో నా వంతు కూడ కలదని నేటికిని తలంతును.

ప్రశ్నలు

1. రుమాలు తలను ఎట్లు చల్లగా నుంచును? దాని లోపమేమి?
2. హెల్మెట్టులోపల తువ్వాలు కుక్కరాదనుటకు కారణమును వివరింపుము.
3. మొదటి రెండు ప్రయత్నములు ఏల విఫలమైనవి? మూడవది ఏల నిలిచినది?
4. మీ ఊరిలో ఎండలో పనిచేయు ఒకరిని కలిసికొని, వారి తలకు ఏది నీడయో, ఏది ఇబ్బందియో అడిగి పది వాక్యములు వ్రాయుము.