ఎముకలో రాత

అశ్వారావుపేట నుంచి ఒక ముఠా మిరపకాయ ఏరటానికి పినపాక వైపు పోయింది. మణుగూరు దాటాక, జానంపేట దగ్గర పెద్ద పెద్ద బండలు కనిపించాయి. నాలుగు పక్కలా రాతి పలకలు నిలబెట్టి, పైన ఒక బండ కప్పినట్టు ఉన్నాయి. ఒకటి కాదు, రెండు కాదు. చాలా ఉన్నాయి.

"అవేంటి పిన్నీ?" అని ఒక పిల్ల అడిగింది.

"రాకాసి గుళ్లు. వెనకట రాక్షసులు కట్టారంట. దగ్గరికి పోకు" అంది పిన్ని.

అక్కల్లారా! మీరూ ఈ మాట వినే ఉంటారు. కానీ అవి గుళ్లు కావు. రాక్షసులు కట్టినవీ కావు. అవి సమాధులు. కట్టింది మనలాంటి మనుషులే. రెండు వేల నుంచి మూడు వేల ఏళ్ల కిందట, ఇనుము కరిగించి కత్తులు, గొడ్డళ్లు చేసుకున్న కాలంలో కట్టారు. చనిపోయిన వాళ్ల పక్కన కుండలు, ఇనప పనిముట్లు పెట్టేవారు. కొన్ని సమాధుల్లో ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. అంత బండను క్రేన్లు లేని రోజుల్లో పైకి ఎట్లా ఎత్తారో!

వాళ్లు ఎవరు? ఎక్కడి నుంచి వచ్చారు? వాళ్లు పుస్తకం రాయలేదు. పేర్లు చెక్కలేదు. మిగిలింది ఎముకలే. ఇప్పుడు ఆ ఎముకల్లో ఉన్న రాతను చదవటం మనుషులు నేర్చుకున్నారు.

ఆ రాత పేరు డీఎన్ఏ. మన తెలుగు అక్షరాలు 56. అవి దిద్దటానికి మనం ఎంత తంటాలు పడ్డాం! డీఎన్ఏలో అక్షరాలు నాలుగే. కానీ రాత మాత్రం చాలా పొడుగు. సుమారు 300 కోట్ల అక్షరాలు. ఇది సిరాతో రాసిన రాత కాదు. నాలుగు రకాల పూసలను వరసగా గుచ్చిన దండలాంటిది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఈ దండలు ఉంటాయి. కణం అంటే కంటికి కనబడనంత చిన్న గది. గోడకు ఇటుక ఎట్లాగో, ఒంటికి కణం అట్లాగ.

ఈ దండల్లో సగం తల్లి ఇస్తుంది, సగం తండ్రి ఇస్తాడు. ఒక్క చిన్న దండ మాత్రం తల్లి నుంచే వస్తుంది. అందులో సుమారు 16,500 అక్షరాలు ఉంటాయి. అమ్మకు అమ్మమ్మ ఇచ్చింది. అమ్మమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది. కొడుక్కీ అది వస్తుంది. కానీ కొడుకు తన పిల్లలకు ఇవ్వలేడు. కూతురే ఇస్తుంది. కొడుకు ఉంటేనే వంశం నిలుస్తుంది అనే పెద్దలకు ఈ దండ సంగతి తెలియదు పాపం.

ఈ తల్లి దండ వల్ల ఒక రాణి ఎముక బయటపడింది. జార్జియా అనే దేశపు రాణి కేతేవాన్‌ను 1624లో ఇరాన్‌లో చంపారు. ఆమె ఎముకలు కొన్నిటిని గోవా చర్చికి తెచ్చారని పాత కాగితాల్లో ఉంది. గోవాలో పాడుబడ్డ చర్చిని తవ్వితే ఒక ఎముక దొరికింది. అది ఆమెదేనా? హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఆ ఎముకలోని తల్లి దండను చదివారు. 22 వేల మందికి పైగా మన దేశం వైపు వాళ్లతో పోల్చారు. ఒక్కరితోనూ కలవలేదు. జార్జియా వాళ్లు 30 మందితో పోలిస్తే ఇద్దరితో కలిసింది. 2021లో ఆ ఎముకను మన దేశం జార్జియాకు అప్పగించింది.

కేతేవాన్ చనిపోయి 400 ఏళ్లు. మరి వేల ఏళ్ల కిందటి ఎముక అయితే? అక్కడే చిక్కు ఉంది. మనిషి పోయాక డీఎన్ఏ దండ తెగటం మొదలవుతుంది. వేడి, తడి దానికి శత్రువులు. హిమాలయాల్లో రూప్‌కుండ్ అనే చెరువు ఉంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం మంచే. ఆ చెరువు దగ్గరి ఎముకల్లో 38 మంది డీఎన్ఏ దొరికింది. 2019లో ఆ వివరాలు అచ్చయ్యాయి. మన గోదావరి పక్క ఎండలు, వానలు మీకు తెలుసు కదా. ఇక్కడి మట్టిలో ఆ దండ నిలవటం కష్టం.

హర్యానాలో రాఖీగఢీ అనే ఊరు ఉంది. అక్కడ సుమారు 4,500 ఏళ్ల కిందట పెద్ద పట్నం ఉండేది. పూణేలోని దక్కన్ కాలేజీ వాళ్లు అక్కడి శ్మశానం తవ్వారు. 61 ఎముకల నుంచి పొడి తీశారు. ఒక్కదాంట్లోనే పనికొచ్చే డీఎన్ఏ దొరికింది. అది ఒక ఆడమనిషిది. చుట్టూ కుండలు పెట్టి ఆమెను పూడ్చారు. దొరికింది కూడా కొంచెమే. దాన్ని వందకు పైగా సార్లు తీసి, ముక్కలు కలిపి చదివారు.

చదవటం ఎట్లాగంటే, ముందు గట్టి ఎముక ఏరుకుంటారు. చెవి లోపలి ఎముక ఒంట్లో అన్నిటికంటే గట్టిది. దాన్ని రవ్వంత తొలిచి పొడి తీస్తారు. ఆ గదిలోకి పోయే వాళ్లు తల నుంచి కాలి దాకా కప్పుకుంటారు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకుంటారు. ఎందుకు? ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుంది? జాడీ అంతా బూజు పడుతుంది. ఇదీ అంతే. మన చెమట, తుమ్ము, వెంట్రుక ఒక్కటి తగిలినా మన డీఎన్ఏ అందులో కలిసిపోతుంది. పాతది కొంచెం, మనది బోలెడు. అప్పుడు చదివితే మన రాతే కనబడుతుంది.

పాతదని తెలుసుకునే గుర్తు ఒకటి ఉంది. పాత తాటాకు పుస్తకం అంచులు చివికిపోతాయి కదా. అట్లాగే పాత డీఎన్ఏ ముక్కల చివర్లలో అక్షరాలు మారిపోయి ఉంటాయి. ఆ మార్పు ఉంటే పాతది. లేకపోతే మొన్న ఎవరో ముట్టుకున్నదని అనుమానించాలి.

రాఖీగఢీ ఆమె సంగతి 2019లో బయటికి వచ్చింది. ఆమెలాంటి వాళ్ల వంతు ఇవాళ మన దేశంలో దాదాపు అందరి ఒంట్లో ఎంతో కొంత ఉందని తేలింది. అందరి పూర్వీకులూ తలో దారిన వచ్చి కలిసినవాళ్లే. ఆమె ఏ భాష మాట్లాడిందో, ఆమెను ఏమని పిలిచారో డీఎన్ఏ చెప్పదు. ఆమె పేరు చెప్పి పేపర్లలో, టీవీల్లో మేమే ముందంటే మేమే ముందని పెద్ద తగాదా నడిచింది. ఒక్క మనిషి ఎముకతో అన్నీ తేలిపోయాయనటం తొందరపాటే.

మన దగ్గరా ప్రయత్నం జరిగింది. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తెలంగాణ పురావస్తు శాఖ ఒక సమాధి తవ్వించింది. పైబండ బరువు దాదాపు 40 టన్నులు. దాన్ని లేపటానికి క్రేన్ తెచ్చారు. లోపలి ఎముకల్లోంచి సీసీఎంబీ వాళ్లు నమూనాలు తీసుకున్నారు.

ఇట్లాంటి సమాధులు చాలా చోట్ల పగిలిపోయాయి. కొన్ని గుప్తనిధుల కోసం తవ్వారు. కొన్ని బండల్ని ఇళ్లకు కొట్టుకుపోయారు. లోపల బంగారం ఉంటుందని ఆశ. ఉండేవి ఎక్కువగా కుండ పెంకులు, తుప్పు పట్టిన ఇనుము, ఎముకలు. దొంగ వాటిని పారేసి పోతాడు. వానకు తడుస్తాయి. పశువులు తొక్కుతాయి. ఆ ఎముక రాత ఇంక ఎవరూ చదవలేరు.

పునాది తీసేటప్పుడో, కుంట పని చేసేటప్పుడో పాత కుండ, ఎముక తేలితే పార ఆపండి. చేత్తో తియ్యకండి. నీళ్లతో కడగకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. తవ్విన మట్టి కొంచెం మళ్లీ మెల్లగా కప్పి, తహసీల్దారు ఆఫీసులో చెప్పండి. అంత దూరం పోలేకపోతే పంచాయతీ సెక్రటరీకి చెప్పినా చాలు.