ఊరు తెలుసు, డోర్ నంబరు తెలియదు

ఫిరంగిపురం,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఫోన్‌లో జవాబు చెబితే మధ్యలో నువ్వు ఏడుస్తావు, నేను ఆపేస్తాను. అందుకే కాగితం తీశాను.

హాస్టల్లో బైబిల్ క్విజ్ పెట్టారు. ఒంగోలు బాప్టిస్టు అమ్మాయి టకటకా చెప్పేసింది. రోమా పత్రికలో ఎన్ని అధ్యాయాలంటే నువ్వు నోరు తెరవలేకపోయావు. వెనకనుంచి ఎవరో, "ఆర్.సి.ఎం. వాళ్ళకి బైబిలెక్కడిది, జపమాలేగా" అన్నారు. అంతేనా?

కోపం తెచ్చుకోకు. ఆ మాటలో సగం నిజం ఉంది. మన ఇంట్లోనూ ఒక బైబిలు ఉంది. చాలా ఏళ్ళు షోకేసులో, ప్లాస్టిక్ కవరు తియ్యకుండా ఉంది. కవరు తీశాక మీ తాతయ్య అందులో ఎరువుల కొట్టు రసీదులు దాచేవాడు. ఇక నా సంగతి. పాతికేళ్ళు పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పిన మనిషిని, గ్రంథం మొత్తం మొదటిసారి చదివింది రిటైరయ్యాకే. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

ఎందుకిలా అయిందంటే, కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, ఈ రెండు ఇళ్ళ పెంపకం వేరు. 1812 నాటికే మూడు సువార్తలు తెలుగులో అచ్చయ్యాయి. విశాఖపట్నంలో మిషనరీ డెస్ గ్రాంజెస్ దొర, ఆనందరాయరు కూర్చుని చేసిన అనువాదం అది. 1842లో మిషనరీ హెయ్యర్ గుంటూరు వచ్చాక లూథరన్లు పెట్టిన బడుల్లో పలకా, వాక్యం ఒకే చేతిలోకి వచ్చాయి. మనవాళ్ళకేమో పూజ లాటిన్‌లో. ఉపదేశిగారు ప్రశ్న చెబితే జవాబు అప్పజెప్పడమే చదువు. ఫాదర్ గారు బలిపీఠం దగ్గర ఏం చదువుతున్నారో తెలియక మా నాయనమ్మ పూజ జరిగినంతసేపూ జపమాల తిప్పుకునేది. 1965 నవంబరులో రెండో వాటికన్ సభ, గ్రంథం విశ్వాసులందరి చేతికీ అందాలని తీర్మానించింది. తీర్మానం రోములో అయింది. మన షోకేసు తాళం తియ్యడానికి ఇంకో ముప్ఫయ్యేళ్ళు పట్టింది.

మరి ఆ నాయనమ్మకు ఏమీ తెలియదా? మంగళవార్త జపంలో మొదటి సగం లూకా మొదటి అధ్యాయమే: ఒక మాట దేవదూతది, ఒక మాట ఎలిజబేతమ్మది. సత్ప్రసాదం తీసుకోబోయేముందు మనం తలవంచి అనే మాట, మత్తయి 8లో శతాధిపతి తన ఇంటి గడప గురించి యేసుతో అన్నదే. మూడుసార్లు పరిశుద్ధుడని పాడతామే, అది యెషయా 6లో దూతల పాట. ఇవన్నీ నీకూ నోటికి వచ్చు. నీకు ఊరు తెలుసు, డోర్ నంబరు తెలియదు, అంతే. ఆ నంబర్లయినా ఎప్పుడు వేశారనుకున్నావు? ఇప్పుడు మనం చూసే వచనాల అంకెలు రొబేర్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు 1551లో కొత్త నిబంధనకు వేసినవి. అధ్యాయాలుగా విడదీసింది కూడా పౌలుగారి తర్వాతే. మీ క్విజ్‌కి పౌలుగారే వచ్చి కూర్చున్నా, రోమా పత్రికలో 16 అధ్యాయాలని చెప్పలేకపోయేవాడు.

అని మురిసిపోయి పుస్తకం మూసెయ్యకు. నేను అలాగే మూసి పరువు పోగొట్టుకున్నాను. మా స్కూల్లో ఒక లూథరన్ మాస్టారు ఉండేవారు. క్రిస్మస్ నాటకానికి ముగ్గురు జ్ఞానులు, వాళ్ళ పేర్లు గస్పారు, మెల్కియోరు, బల్తజారు అని స్టాఫ్ రూములో గొప్పగా చెబుతున్నాను. ఆయన మాట్లాడకుండా మత్తయి 2 తీసి నా ముందు పెట్టాడు. పేర్లు లేవు. ముగ్గురని కూడా లేదు, కానుకలే మూడు. సిలువమార్గంలో వెరోనికమ్మ యేసు ముఖం తుడిచే చోట నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆమె కూడా ఏ సువార్తలోనూ కనబడదు. అది మన పెద్దల జ్ఞాపకం. దాన్ని వదులుకోమనను. ఏది గ్రంథంలో ఉందో, ఏది మన గుడి గోడ మీద ఉందో తెలిసి కన్నీళ్ళు పెట్టుకో.

ఆ మాస్టారి గురించి ఇంకో ముక్క చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు తీస్తారు చూడు, ఒకసారి ఆయనకు యిర్మియా 29:11 వచ్చింది. దేవుడికి మన మేలు గురించి ఒక ఆలోచన ఉందని చెప్పే వాక్యం. ఆ జనవరిలోనే ప్రమోషన్ వస్తుందని అందరికీ టీ ఇప్పించాడు. రాలేదు. మనిషి నలిగిపోయాడు. చాలా ఏళ్ళకు నేను ఆ అధ్యాయం మొత్తం చదివాను. అది ఒక ఉత్తరం, అమ్మలూ. బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు యెరూషలేము నుంచి యిర్మియా రాసింది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న ఊరి బాగు కోసం ప్రార్థించండి, 70 ఏళ్ళు పడుతుంది అంటాడు. కార్డు మీద ఈ 70 ఉండదు. డోర్ నంబరు ఆయనకు తెలుసు, లోపలికి వెళ్ళలేదు. నేను వీధిలోకే పోలేదు. ఎవరు ఎవర్ని వెక్కిరించాలి?

మీ బైబిల్లో ఏడు పుస్తకాలు ఎక్కువెందుకని ఎవరైనా అడిగితే గొంతు పెంచకు. మనవి 73, వాళ్ళవి 66, కొత్త నిబంధన 27 ఇద్దరికీ ఒకటే. తోబితు, మక్కబీయులు వంటివి యూదుల గ్రీకు అనువాదంలో ఉండేవి, హెబ్రీ పట్టికలో లేవు. మనం గ్రీకు పట్టిక పట్టుకున్నాం, 1546లో ట్రెంటు సభ దాన్ని ఖాయం చేసింది. లూథర్ కూడా 1534లో తన జర్మన్ బైబిల్లో వాటిని పారెయ్యలేదు, లేఖనాలతో సమానం కావని చెప్పి రెండు నిబంధనల మధ్య విడిగా పెట్టాడు. ఇంతవరకు చెప్పి, ఆ పిల్లకు టీ ఇప్పించు.

చదవడం ఎలాగని అడిగావు. ఆదికాండం నుంచి వరసగా మొదలుపెట్టకు. లేవీయకాండంలో బలుల లెక్క దగ్గర బండి దిగబడుతుంది, నాది మూడుసార్లు దిగబడింది. మార్కుతో మొదలుపెట్టు. అందులోనూ 16 అధ్యాయాలే, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఒకే ఊపున, పైకి చదువు. తర్వాత ప్రతి శనివారం రాత్రి మర్నాటి పూజలో వచ్చే పఠనాలు ముందే చూసుకో. ఆదివారం పఠనాలు మూడేళ్ళకోసారి తిరిగి వస్తాయి: ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను పాస్కా రోజుల్లోనూ మధ్యమధ్యలోనూ వస్తాడు. నీ నర్సింగ్ కోర్సు అయ్యేలోపు ఒక చుట్టు పూర్తవుతుంది. అర్థం కానిచోట పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టు. నా దాంట్లో జవాబుల కంటే అవే ఎక్కువ. వీలైతే ఆ ఒంగోలు పిల్లతో కలిసి చదువు. ఆమెకు పేజీ తియ్యడం వచ్చు, నీకు ఆగడం వచ్చు.

షోకేసులో బైబిలు రేపు పార్సిల్ చేస్తున్నాను. అట్ట ఊడింది, టేపు వేశాను. యోబు దగ్గర తాతయ్య రసీదు ఒకటి వదిలేశాను, తియ్యకు. మక్కబీయుల పేజీలు కొత్తగా, అంటుకుని ఉంటాయి. చిరగకుండా మెల్లగా విడదియ్యి.

ప్రేమతో,
మావయ్య