ఒక్క సీటు కథ: యానాం నియోజకవర్గం

హాస్టల్‌లో కొత్తగా పరిచయమైన వాళ్లు "మీదే ఊరు?" అని అడిగితే యానాం అంటాను. "ఓ, ఆంధ్రా అమ్మాయివా!" అంటారు. కాదు, పుదుచ్చేరి అంటే, "మరి తెలుగు ఇంత బాగా ఎలా మాట్లాడుతున్నావ్?" అని రెండో ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మా నియోజకవర్గం చరిత్రలో ఉంది. మన గోడపత్రిక ఈసారి పాఠానికి దాన్నే తీసుకున్నాను. పేరుకి చిన్న ఊరే. కానీ ఓటు అంటే ఏమిటి, ప్రాతినిధ్యం అంటే ఏమిటి అని తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు భూగోళం

గౌతమీ గోదావరి సముద్రంలో కలవబోయే చోటుకి కొంచెం ఎగువన, ఒడ్డున ఉంటుంది యానాం. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్రప్రదేశ్. కాకినాడ దాదాపు 30 కిలోమీటర్లు. మా రాజధాని పుదుచ్చేరి మాత్రం సుమారు 800 కిలోమీటర్లు. పట్నంతో పాటు మెట్టకూరు, కనకాలపేట, దరియాలతిప్ప వంటి పల్లెలు అన్నీ కలిసి ఒకే ఒక శాసనసభ నియోజకవర్గం. వ్యవసాయం, చేపల వేట, చిన్న వ్యాపారాలు బతుకుతెరువు.

ఫ్రెంచి కాలంలో ఓటు

ఫ్రెంచివారు 18వ శతాబ్దం మొదటి భాగంలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. మధ్యలో ఇంగ్లీషువాళ్లు పలుమార్లు పట్టుకున్నా, చివరికి ఫ్రాన్సుకే తిరిగి వచ్చింది. 1880లో ఫ్రెంచి ఇండియా అంతటా పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి, యానాం కూడా అందులో ఒకటి. అంటే మన దేశంలో చాలా ఊళ్ల కంటే ముందే ఇక్కడ ఎన్నికలు జరిగాయి. అయితే అవి సమానమైన ఎన్నికలు కావు. యూరోపియనులకు ఒక ఓటర్ల జాబితా, దేశీయులకు ఇంకో జాబితా. గుప్పెడు మంది ఉన్న జాబితాకి ఎక్కువ బలం. ఈ పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా సాగింది.

ఇక్కడ ఆడపిల్లలుగా మనం ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటి ఉంది. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చెయ్యకూడదు అన్నారు. ఆ చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల వాళ్లు చిన్నపిల్లలను తీసుకొచ్చి ఇక్కడ పెళ్లిళ్లు చేసి వెళ్లేవారు. అందుకే యానాంకి కల్యాణపురం అని పేరు వచ్చింది. ఆ పేరు వినడానికి బాగుంటుంది గానీ దాని వెనక ఉన్నది పదేళ్లయినా నిండని పెళ్లికూతుళ్లు.

అదే సరిహద్దు ఇంకోలా కూడా పనిచేసింది. ఫ్రాన్సులో 1944లో స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చారు. ఫ్రెంచి ఇండియాలోనూ వయోజనులందరికీ ఓటు వచ్చింది. 1946లో ప్రతినిధుల సభకు జరిగిన ఎన్నికల్లో యానాం స్త్రీ ఓటుకు అర్హురాలు. అదే ఏడు మద్రాసు రాష్ట్రంలో కూడా ఎన్నికలు జరిగాయి. కానీ అక్కడ ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉంటేనే ఓటు. కాకినాడలో కూలి చేసుకునే స్త్రీ 1951-52 మొదటి సాధారణ ఎన్నికలదాకా ఆగాల్సి వచ్చింది. ఒకే గీత. దానివల్ల పిల్లలకు చిన్నప్పుడే పెళ్లి అయిపోయింది, ఆ గీతవల్లే తల్లికి ఓటు ముందుగా వచ్చింది. చరిత్రను మంచి, చెడు అని రెండు గంపల్లో వేసెయ్యలేం అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

విలీనం

1947 తర్వాత యానాంలో రెండు అభిప్రాయాలు ఉండేవి. ఫ్రాన్సుతో ఉందాం అనేవారు కొందరు, భారతదేశంలో కలుద్దాం అనేవారు కొందరు. ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13న విలీనవాదులు యానాం పాలనను చేతుల్లోకి తీసుకున్నారు. అదే ఏడు అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ఓటింగు జరిగింది. అక్కడ ఓటు వేసింది జనం కాదు, జనం ఎన్నుకున్న ప్రతినిధులు. 178 మందిలో 170 మంది విలీనానికి ఒప్పుకున్నారు. నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. ఒప్పందం మీద 1956లో సంతకాలయ్యాయి, చట్టప్రకారం పూర్తయింది మాత్రం 1962 ఆగస్టు 16న.

మరి భాష తెలుగు, చుట్టూ తెలుగు నేల. ఆంధ్రలో ఎందుకు కలపలేదు? జవాబు 1956 ఒప్పందంలోనే ఉంది. ఈ ప్రాంతాలకు ప్రత్యేక పాలనా ప్రతిపత్తి ఉంటుందని, దాన్ని మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలని అందులో రాసుకున్నారు. అందుకని భాషా రాష్ట్రాలు ఏర్పడిన ఏడాదే యానాం ఆ లెక్కలోంచి బయట ఉండిపోయింది. 1963లో కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభ వచ్చింది. 1965 అధికార భాషా చట్టం తమిళాన్ని అధికార భాషగా చేస్తూ, యానాంలో తెలుగు, మాహేలో మలయాళం వాడుకోవచ్చని చెప్పింది. నా తెలుగుకి అదీ ఆధారం!

రెండు సీట్లు ఒకటయ్యాయి

1946 ప్రతినిధుల సభలో 44 స్థానాలుంటే అందులో యానాంవి రెండు. చంద్రనగర్ విడిపోయాక 39లో రెండు. 1964లో 30 స్థానాల శాసనసభకు తొలి ఎన్నికలు జరిగినప్పుడు యానాంకి మిగిలింది ఒకటే. నేటికీ అంతే.

ఆ ఒక్క సీటులో కామిశెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడు పేరు చాలాకాలం నిలిచింది. 1989లో మరణించే వరకు యానాం రాజకీయానికి ఆయనే కేంద్రం. శాసనసభ స్పీకరుగా కూడా పనిచేశారు. ఒక తెలుగు సభ్యుడు ఎక్కువమంది తమిళులున్న సభను నడిపించడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత 1996లో మల్లాడి కృష్ణారావు స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. అక్కణ్ణుంచి 2016 దాకా వరసగా ఐదుసార్లు ఆయనదే గెలుపు. తర్వాత కాంగ్రెసులో చేరి మంత్రి కూడా అయ్యారు.

ఇక్కడ గమనించండి. చిన్న నియోజకవర్గంలో పార్టీ జెండా కన్నా మనిషి ముఖం ముఖ్యం. ఓటరు ఇంటికి అభ్యర్థి స్వయంగా వస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు. దానివల్ల లాభం ఉంది, పని అడగడం తేలిక. నష్టమూ ఉంది, ఎదురు మాట్లాడడం కష్టం. ఎవరు ఎటు వేశారో వీధికంతా తెలిసిపోతుందన్న బెదురు చిన్న ఊళ్లో ఎప్పుడూ ఉంటుంది.

2021: ఒక్క సీటు బలం

ముప్పైమంది సభలో ఒక్కరు పోయినా తేడా పడుతుంది. 2021 ఫిబ్రవరిలో పుదుచ్చేరి ప్రభుత్వం మెజారిటీ కోల్పోయి పడిపోయింది. ఆ వరస రాజీనామాల్లో యానాం సభ్యుడిదీ ఒకటి. తర్వాత ఎన్నికల్లో ఆయన మద్దతుతో ఎన్.ఆర్. కాంగ్రెస్ అధినేత ఎన్. రంగసామి యానాంలో కూడా పోటీకి దిగారు. ఎదురుగా నిలబడింది గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే యువ స్వతంత్ర అభ్యర్థి. ఫలితం: అశోక్ 655 ఓట్ల తేడాతో గెలిచారు. రంగసామి తట్టాంజావడిలో గెలవడంతో ముఖ్యమంత్రి అయ్యారు, కానీ యానాంలో ఓడిపోయారు. 655 అంటే ఎంత? మన కాలేజీలో కొన్ని తరగతులు కలిపితే ఆ లెక్క తేలిపోతుంది. "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అనే వాళ్లకు ఈ అంకె చెప్పండి.

ఒక లెక్క చేద్దాం

ఇది నేను స్వయంగా వేసుకున్న లెక్క. జనాభా లెక్కల అంకెలు అందరికీ దొరికేవే.

2001లో యానాం జనాభా 31,394. మొత్తం పుదుచ్చేరి 9,74,345. ముప్పై సీట్లకు పంచితే సీటుకి సుమారు 32,478. అంటే యానాంకి ఒక సీటు సరిగ్గా సరిపోయింది.

2011లో యానాం జనాభా 55,626 అయింది. పదేళ్లలో 77 శాతం పెరిగింది. ఆ ఏడు సీటుకి సగటు జనాభా చూడండి:

పుదుచ్చేరి ప్రాంతం (23 సీట్లు): 41,317
కారైకాల్ (5 సీట్లు): 40,044
మాహే (1 సీటు): 41,816
యానాం (1 సీటు): 55,626

మూడు ప్రాంతాలూ దాదాపు ఒకేచోట ఉన్నాయి. యానాం ఒక్కటే పైకి పోయింది. అంటే యానాం ఓటరు గొంతు మిగతావాళ్ల కన్నా కొంచెం పలచబడింది. రెండో సీటు రావాలంటే ఇంకా చాలా జనాభా కావాలి, అది నిజమే. కానీ సరిహద్దులు మళ్లీ గీసేటప్పుడు ఈ తేడాను ఎవరో ఒకరు ఎత్తి చూపాలి కదా.

ఎందుకు ముఖ్యం?

ఎందుకంటే యానాం కష్టాలు ఆంధ్రతో కలిసి వస్తాయి, పరిష్కారాలు పుదుచ్చేరి నుంచి రావాలి. 1996 నవంబరు తుపాను కోనసీమనీ యానాంనీ కలిపే కొట్టింది. గోదావరి వరద సరిహద్దు చూసి ఆగదు. 2012 జనవరిలో మా ఊరి సిరామిక్స్ కర్మాగారంలో కార్మిక వివాదం హింసగా మారింది. ఒక కార్మిక నాయకుడు, ఒక ఉన్నతాధికారి ప్రాణాలు పోయాయి. కర్మాగారం మూతపడింది, ఎన్నో ఇళ్లలో జీతం ఆగిపోయింది. అలాంటప్పుడు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్న సభలో మన బాధను మన భాష తెలిసినవాళ్లు చెప్పాలి. ఆ పని ఒక్కరిమీదే ఉంది. అందుకే ఆ ఒక్కరిని ఎన్నుకోవడం, ఎన్నుకున్నాక ప్రశ్నించడం, రెండూ మన పనే.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 1964 నుంచి యానాం సీటులో ఒక్క మహిళ కూడా గెలిచినట్టు నేను పైన రాసిన పేర్లలో కనిపించదు. 1946లోనే ఓటు అందుకున్న స్త్రీల ఊరు మాది. ఓటు వేయడం దగ్గరే ఎందుకు ఆగిపోయాం? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మీ దగ్గరుంటే ఈ కాగితం కింద ఖాళీ ఉంచాను, రాయండి.

మీరు చేసి చూడండి

1. మీ సొంత నియోజకవర్గం పేరు, అది ఏర్పడిన సంవత్సరం కనుక్కోండి. గత ఎన్నికల్లో తేడా ఎన్ని ఓట్లు?
2. మీ జిల్లాలో సీటుకి సగటు జనాభా లెక్క వేయండి. పక్క జిల్లాతో పోల్చండి.
3. మీ అమ్మమ్మనో నాయనమ్మనో మొదటిసారి ఓటు ఎప్పుడు వేశారో అడగండి. ఎవరు చెప్పినవాళ్లకు వేశారో కూడా అడగండి. ఆ జవాబే అసలు చరిత్ర.