ఆ ఫోనులో పాతబడింది ఏది, అల్లుడూ?

తెనాలి,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "మావయ్యా, 42 వేల ఫోను, నెలకి 3,500 కడితే చాలు, వడ్డీ లేదు, పాతదానికి 4 వేలు ఇస్తారట, ఆఫరు ఆదివారం దాకే, తీసుకోనా?" అన్నావు. ఉద్యోగంలో చేరి ఐదు నెలలే అయింది. నీ సొంత జీతంతో కొనుక్కుంటున్న మొదటి పెద్ద వస్తువు ఇది. అడక్కుండా కొనేసినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అయినా అడిగావు. అందుకే కొట్టు కట్టేశాక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో మాట్లాడితే కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉంటారు, నువ్వు రెండు ముక్కలు విని "సరే మావయ్యా" అంటావు, నేనూ "నీ ఇష్టంరా" అనేస్తాను.

ముందు ఆ ఆదివారం సంగతి మనసులోంచి తీసెయ్. సంక్రాంతికి, ఉగాదికి, ఆగస్టు 15కి, దసరాకి, దీపావళికి, ఏదో ఒక పేరుతో ఆఫరు వస్తూనే ఉంటుంది. ఆదివారం లోపల తేల్చుకోవాల్సిన అవసరం అమ్మేవాడిది, నీది కాదు.

నువ్వు చెప్పిన రోగాలు మూడు. మధ్యాహ్నం రెండింటికల్లా చార్జింగ్ అయిపోతోంది. యాప్ తెరిస్తే హ్యాంగ్ అవుతోంది. స్టోరేజ్ నిండిపోయిందని రోజూ మెసేజ్ వస్తోంది. ఈ మూడూ చెప్పి "ఫోను పాతదైపోయింది" అన్నావు. పదిహేడేళ్ళుగా ఫోన్లు విప్పుతున్నవాణ్ణి, ఆ మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేను. ఫోను మొత్తం ఒకేసారి పాతబడదురా. బ్యాటరీ వయసు వేరు, డిస్‌ప్లే వయసు వేరు, బోర్డు వయసు వేరు. సాఫ్ట్‌వేర్ వయసు వీటన్నిటికంటే వేరు, అది పైకి కనపడదు కూడా. ఏది పాతబడిందో తేలితే కొనాలో వద్దో నన్ను అడగక్కర్లేదు, నీకే తెలిసిపోతుంది.

నిన్న మధ్యాహ్నం నీ ఫోను లాంటిదే ఒకటి వచ్చింది, చీరల కొట్టులో పనిచేసే కుర్రాడిది. వెనక మూత అంచు దగ్గర గోరు దూరేంత సందు ఉంది. లోపల బ్యాటరీ ఉబ్బి మూతని పైకి నెడుతోంది. ఉబ్బినదానికి ఎక్కువ వేడి తగలనివ్వకూడదు, అందుకని హీట్ గన్ పక్కన పెట్టి అంచుల వెంట చుక్క చుక్కగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, జిగురు మెత్తబడేదాకా ఆగాను. పల్చటి ప్లాస్టిక్ కార్డు దూర్చి నాలుగు వైపులా మెల్లగా జరిపితే మూత ఊడివచ్చింది. ముందు కనెక్టర్ తీసేశాను. ఇనప పనిముట్టు ఏదీ బ్యాటరీకి తగలకూడదు, కన్నం పడిందంటే మంటే. కింద నుంచి గట్టి దారం పోనిచ్చి అటూ ఇటూ లాగుతూ తీస్తే పూరీలా పొంగి ఉంది. కొత్తది వేసి, మూత అతికించి, రబ్బరు బ్యాండ్లు చుట్టి గంటసేపు పక్కన పెట్టాను. 1,600 తీసుకున్నాను. సాయంత్రం వచ్చి ఆన్ చేసి చూసుకుని, "ఇంతకుముందు ఇంత స్పీడు లేదన్నా" అన్నాడు.

స్పీడు ఎందుకు పెరిగిందో నీకు చెప్పాలి, నువ్వు ఇంజనీరువి. మన ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. చాలా రకాలకి 500 సార్లు పూర్తిగా నింపి ఖాళీ చేసేసరికి, కొత్తలో పట్టిన చార్జింగ్‌లో 80 శాతమే పడుతుందని లెక్క. ఇప్పుడు కొన్ని కొత్తవాటికి 800, 1,000 దాకా వస్తోంది. నీ ఫోను కొన్న బిల్లు నా దగ్గరే ఉంది, 2023 జూన్. రోజుకి ఒకటి వేసుకున్నా 800 దాటిపోయాయి. పైగా బండి హ్యాండిల్‌కి తగిలించి మ్యాప్ పెట్టుకుని మే నెల ఎండలో తిరిగావు, దుప్పటి కింద చార్జింగ్ పెట్టి పడుకున్నావు. వేడి బ్యాటరీని తినేసినట్టు ఇంకేదీ తినదు. అలా అరిగిన బ్యాటరీ ప్రాసెసర్‌కి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావలసివచ్చినప్పుడు ఇవ్వలేదు. వోల్టేజీ పడిపోతుంది, ఫోను ఆగిపోతుంది. ఆగిపోకుండా ఉండాలని కొన్ని ఫోన్లలో సాఫ్ట్‌వేరే వేగం తగ్గించేస్తుంది. 2017 డిసెంబరులో యాపిల్ కంపెనీ పాత ఐఫోన్ల విషయంలో అలా చేశామని ఒప్పుకుంది. అమెరికాలో 79 డాలర్లకి వేసే బ్యాటరీని ఆ తర్వాత ఏడాది పాటు 29 డాలర్లకే వేసింది. కొత్త ఫోను కొనాలనుకున్న ఎంతోమంది బ్యాటరీ మార్పించుకుని అదే ఫోను వాడుకున్నారు.

స్టోరేజ్ సంగతి ఇంకా తేలిక. మెమరీ చిప్‌లో ఉన్నదాని మీదే కొత్తది రాయడం కుదరదు, ముందు ఒక గుంపు మొత్తాన్ని చెరిపి చోటు చేసుకోవాలి. కళ్ళం నిండా ధాన్యం ఆరబోసి ఉంటే కొత్త బస్తా విప్పడానికి పాతది ఎత్తాలి కదా, అలాగ. 128 జీబీలో పదిహేను, ఇరవై ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. వాట్సాప్‌లో మన చుట్టాల గ్రూపు ఒక్కటి తెరిచి, పెద్ద ఫైళ్ళు చూపించమని అడిగి తుడిచెయ్. పెళ్ళి వీడియోలే పది జీబీ ఉంటాయి. కావలసినవి లాప్‌టాప్‌లోకి తీసుకో.

కెమెరా గురించి రెండు ముక్కలు. 200 మెగాపిక్సెల్ అని రాసినంత మాత్రాన పొంగిపోకు. ఆ ఫోన్లు మామూలుగా తీసే ఫోటోలో పదహారు పిక్సెళ్ళని ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తాయి. సెన్సర్ ఎంత పెద్దది, వెలుతురు తక్కువున్నప్పుడు ఎలా తీస్తుంది అన్నవి చూడాలి. నీది 5జీ ఫోనే, మన దేశంలో 5జీ వచ్చిందే 2022 అక్టోబరులో, కాబట్టి నెట్‌వర్క్ కోసం మార్చాల్సిన పని లేదు.

ఇక పైకి కనపడని వయసు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్ళి, ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే సెక్యూరిటీ అప్‌డేట్ ఏ తేదీదో కనపడుతుంది. ఆ తేదీ గత రెండు మూడు నెలల్లోదైతే ఫోను బతికున్నట్టు. ఏడాది దాటిందంటే, అద్దంలా మెరుస్తున్నా సరే, అందులో బ్యాంకు యాప్ పెట్టుకోవద్దు. కొత్తగా బయటపడిన లొసుగులు దానికి ఎవరూ పూడ్చడం లేదన్నమాట. నీ మోడల్‌కి నాలుగేళ్ళు అప్‌డేట్లు ఇస్తామన్నారు, ఇంకా వస్తున్నాయి. కొత్తది ఎప్పుడు కొన్నా ముందు అడగాల్సింది ఇదే. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, సామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో ఏడేళ్ళు ఇస్తామన్నాయి. 20 వేల లోపు వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి కూడా ఆరేళ్ళు ఇచ్చారు. నువ్వు పంపిన 42 వేల ఫోను పేజీ అంతా వెతికాను, ఎన్నేళ్ళో ఎక్కడా రాయలేదు. అంత డబ్బు పెట్టేటప్పుడు ఆ ఒక్క మాట రాతలో లేకపోతే నేనైతే కొనను.

వడ్డీ లేదన్నావు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకి రాసింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, నీ క్రెడిట్ కార్డు బ్యాంకు తన వడ్డీ తను వేస్తుంది, అంత మొత్తం అమ్మేవాడు ధరలో తగ్గిస్తాడు. ఏడాదికి 16 శాతం అనుకుని లెక్క కట్టాను. 42 వేలలో అసలు 38,500 చిల్లర, వడ్డీ 3,400 చిల్లర. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ నీ బిల్లులో పడుతుంది, అది 600 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అవి కాక, ఆ 42 వేలలోనే ఫోను మీద జీఎస్టీ 6,400 ఉంది. 2020 ఏప్రిల్ దాకా 12 శాతం ఉండేది, అప్పుడు 18 చేశారు. రేపు నువ్వు అమ్ముకుంటే అది తిరిగి రాదు.

వాయిదాల గురించి నేను ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతానో మీ అమ్మకి తెలుసు, నీకు తెలియదు. 2017లో కొన్నాళ్ళు కొత్త ఫోన్లు కూడా అమ్మాను. ఒక ఫైనాన్స్ వాళ్ళ కుర్రాడు మన కొట్టులోనే బల్ల వేసుకుని కూర్చునేవాడు. కుట్టుపని చేసుకునే ఒకావిడ హ్యాంగ్ అవుతోందని ఫోను తెచ్చింది. విప్పి చూడాల్సినవాణ్ణి, విప్పలేదు. "ఇది పాతదైపోయిందమ్మా" అన్నాను. 13 వేల ఫోను వాయిదాల్లో పట్టుకెళ్ళింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు రాలేదు, రెండు వాయిదాలు తప్పాయి. వసూలుకి వచ్చినవాళ్ళు ఇంటి ముందు నిలబడి వీధంతా వినేట్టు మాట్లాడారట. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. పాత ఫోను నా దగ్గరే వదిలేసి వెళ్ళింది. ఒకరోజు మనసు ఊరుకోక విప్పి చూశాను. బ్యాటరీ. అప్పట్లో 700 రూపాయలు. అది వేసి, పట్టుకెళ్ళి ఆవిడ చేతికిచ్చి, మిగిలిన వాయిదాల్లో సగం నేను కట్టాను. ఆ నెలాఖరుకి ఆ బల్ల తీయించేశాను. అప్పటినుంచి విప్పి చూడకుండా ఎవరికీ "పాతదైపోయింది" అని చెప్పలేదు, నీకూ చెప్పను.

ఒక్క సంగతి దాచకుండా చెప్పు. ఆఫీసులో బల్ల మీద అందరూ ఫోన్లు పెట్టినప్పుడు నీది తీయడానికి మొహమాటంగా ఉందా? ఉంటే తప్పేమీ లేదు. నా తొలి సంపాదనతో నేనూ ముచ్చటపడి చేతి గడియారం కొనుక్కున్నాను, ఇంట్లో రెండు ఉండగానే. ముచ్చట ముచ్చటే, దాన్ని తీర్చుకోవచ్చు. కానీ ముచ్చట ఉందని బాగున్న ఫోనుకి రోగం అంటగట్టొద్దు. ముచ్చటైతే డబ్బు కూడబెట్టుకుని, నచ్చిన రంగు చూసుకుని, ఒక్కసారి కట్టి తెచ్చుకో. అప్పుడు నేనే దానికి గ్లాసు వేసి ఇస్తాను.

ఇంతకీ నువ్వు అడగని ఫోను ఒకటుంది. మీ అమ్మది. నువ్వు ఇంటర్‌లో వాడి వదిలేసింది అక్క చేతికి వచ్చింది, అప్పటినుంచి అదే. మొన్న వచ్చినప్పుడు చార్జింగ్ ఎక్కడం లేదంటే చూశాను. పోర్టు నిండా దుమ్మూ నూలు పీచూ. పుల్లతో తీస్తే మినపగింజంత ముద్ద వచ్చింది, చార్జింగ్ ఎక్కింది. కానీ సెట్టింగ్స్ తెరిచి చూస్తే గుండె జారింది. ఆండ్రాయిడ్ 8. ఆఖరి సెక్యూరిటీ అప్‌డేట్ 2019లోది. అందులోనే ఫోన్‌పే, బ్యాంకు యాప్, డ్వాక్రా గ్రూపు డబ్బులన్నీ. గ్రూపులో పదిమంది వాయిదాలూ అక్కే కడుతుంది. 2025 జనవరిలో ఆండ్రాయిడ్ 5 కంటే పాత ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది, మనవళ్ళ ఫోటోలు రావడం లేదని ముసలివాళ్ళు నా కొట్టుకి వచ్చారు. ఈ 8కి కూడా ఏదో ఒక రోజు ఆ గతి పడుతుంది. అది ఎన్ని బ్యాటరీలు మార్చినా బాగుపడే ఫోను కాదు. మన ఇంట్లో వెంటనే మార్చాల్సిన ఫోను అది ఒక్కటే. అక్క అడగదు. "మాట్లాడుతోంది కదరా, ఇంకేం కావాలి" అంటుంది.

నీ పాతది ఎక్స్ఛేంజ్‌లో 4 వేలకి ఇచ్చేయడం కంటే బ్యాటరీ వేసి అమ్మకి ఇద్దామా అని నేనూ అనుకున్నాను. కానీ దానికి అప్‌డేట్లు 2027 దాకే. రెండేళ్ళు కాకముందే మళ్ళీ ఇదే ప్రశ్న వస్తుంది. నీకైతే అప్పటికి జీతం పెరుగుతుంది, మార్చుకుంటావు. అమ్మకి ఇచ్చింది ఆరేళ్ళు ఉండాలి.

నాకు తోచింది చెబుతున్నాను, నీకు సమ్మతమైతేనే. ఆరేళ్ళ అప్‌డేట్లు ఉన్న ఫోను ఒకటి 17, 18 వేలలో హోల్‌సేల్ వాడి దగ్గర తెప్పిస్తాను, డబ్బు నేను కడతాను. నువ్వు ఆ నెలకి 3,500 అన్నది నాకు పంపు, ఐదు నెలలు. 17,500 అవుతుంది, ఆ పైన ఎంతైనా నాది. సంక్రాంతికి నువ్వే అమ్మ చేతికి ఇవ్వు, నీ సంపాదన అని చెప్పు. అక్షరాలు పెద్దవిగా పెట్టి, పాత ఫోనులో యాప్‌లన్నీ లాగవుట్ చేసి, రీసెట్ కొట్టి, అమ్మ ముందే తుడిచెయ్. కొత్తదాంట్లో యూపీఐ పిన్ ఆవిడే పెట్టుకోవాలి, నీకూ నాకూ చెప్పకూడదు.

నీ ఫోనుకి బ్యాటరీ ఇక్కడ వేస్తాను. అక్కడ ఎక్కడపడితే అక్కడ వేయించకు, పెట్టె ఒరిజినల్‌దే ఉంటుంది, లోపల సరుకు వేరే ఉంటుంది. అబౌట్ ఫోన్‌లో మోడల్ నంబరు ఉంటుంది, అది ఫోటో తీసి రేపే పంపు. విజయవాడ నుంచి సరుకు రావడానికి వారం పడుతుంది, పండగ ముందు ఇంకా ఆలస్యం చేస్తారు. ఈలోగా రాత్రి దుప్పటి కింద చార్జింగ్ పెట్టకు. వెనక మూత ఏమాత్రం లేచినట్టు కనిపించినా చార్జింగ్ పెట్టడం ఆపేసి వెంటనే నాకు చెప్పు, పండగ దాకా ఆగొద్దు.

అత్తయ్య నీకోసం ఉసిరికాయ పచ్చడి పెట్టింది, సీసా కట్టి ఉంచింది.

ఇట్లు,
మీ మావయ్య