టాంటన్‌లో పది గంటలు

తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాలలో కోతలు పూర్తయ్యాక ఎండిన వరి మళ్ళే పిల్లలకు క్రికెట్ మైదానాలు. అక్కడ బ్యాటు పట్టేది చాలావరకు మగపిల్లలే. ఆడపిల్లలు గట్టు మీద నిలబడి చూస్తారు, లేదా దూరంగా పోయిన బంతిని తెచ్చి ఇస్తారు. అందుకే ఆడవారి క్రికెట్ నిన్నమొన్న పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి భారత మహిళల జట్టు తన మొదటి టెస్ట్ మ్యాచ్ ఆడింది 1976లో, అదీ మన కర్ణాటకలోనే. బెంగళూరులో వెస్టిండీస్‌తో జరిగిన ఆ మ్యాచ్‌లో జట్టు నాయకురాలు బెంగళూరుకే చెందిన శాంతా రంగస్వామి. ఆ రోజుల్లో క్రీడాకారిణులు రిజర్వేషన్ లేని రైలుపెట్టెల్లో ప్రయాణించేవారు. పక్కబట్టలు వెంట మోసుకెళ్ళి, వసతిగృహాలలో నేల మీద పడుకునేవారు. అంత కష్టపడినా చేతికి వచ్చే డబ్బు దాదాపు ఏమీ ఉండేది కాదు.

భారత మహిళల జట్టుకు గట్టి ప్రత్యర్థి ఇంగ్లండ్. ఈ రెండు జట్ల పోటీలో మరపురాని ఘట్టం 2002 ఆగస్టులో ఇంగ్లండులోని టాంటన్ పట్టణంలో జరిగింది. దానికి కారకురాలు సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ అనే పంతొమ్మిదేళ్ళ యువతి.

మిథాలీ 1982 డిసెంబరు 3న జోధ్‌పూర్‌లో ఒక తమిళ కుటుంబంలో జన్మించింది. తండ్రి దొరైరాజ్ వాయుసేనలో పనిచేసేవారు. తరువాత వారి కుటుంబం సికింద్రాబాదులో స్థిరపడింది. (ఆ జంటనగరాలు రాయచూరు వారికి పరాయివి కావు. 1956 వరకు రాయచూరు జిల్లా కూడా హైదరాబాదు రాష్ట్రంలోదే.) చిన్నప్పుడు మిథాలీకి భరతనాట్యమంటే ప్రాణం. క్రికెట్ మీద ఆమెకు ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు. ఉదయం ఆలస్యంగా లేచే అలవాటు మాన్పించాలని తండ్రి ఆమెను కూడా సోదరుడి క్రికెట్ శిక్షణకు తీసుకువెళ్ళసాగారు. అక్కడి శిక్షకుడు జ్యోతిప్రసాద్ ఆమె చేతిలోని నేర్పును గమనించారు. తరువాత సంపత్‌కుమార్ అనే గురువు ఆమెను తీర్చిదిద్దారు. శిష్యురాలు దేశం తరఫున ఆడి తీరుతుందని ఆయన నమ్మకం. కాని ఆ రోజు చూడకుండానే 1997లో రోడ్డు ప్రమాదంలో మరణించారు. 1999 జూన్‌లో ఐర్లండ్ జట్టుతో ఆడిన తన మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే మిథాలీ 114 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు.

అది ఒక్క రోజులో ముగిసే ఆట. టెస్ట్ సంగతి వేరు. మహిళల టెస్ట్ మ్యాచ్ సాధారణంగా నాలుగు రోజులు సాగుతుంది. అందులో పరుగులు చేయడం ఎంత ముఖ్యమో, అవుటు కాకుండా నిలవడమూ అంతే ముఖ్యం. 2002 జనవరిలో లక్నోలో ఇంగ్లండ్‌తోనే మిథాలీ తన మొదటి టెస్ట్ ఆడి సున్నాకే అవుటయింది. అదే సంవత్సరం ఆగస్టులో అంజుమ్ చోప్రా నాయకత్వంలో జట్టు ఇంగ్లండు వెళ్ళింది. టాంటన్‌లో జరిగినది మిథాలీకి మూడవ టెస్ట్ మాత్రమే.

ఇంగ్లండ్ మొదట ఆడి 329 పరుగులు చేసింది. తరువాత మిథాలీ బ్యాటుతో దిగింది. అవతలి వైపు వికెట్లు పడుతున్నా ఆమె కదలలేదు. ఏడవ వికెట్‌కు తోడుగా ఝులన్ గోస్వామి వచ్చింది. ఝులన్ ముఖ్యంగా బౌలర్. అయినా ఇద్దరూ కలిసి 157 పరుగులు జోడించారు. చివరకు మిథాలీ 214 పరుగులు చేసింది. మహిళల టెస్టులలో అంతకు ముందున్న అత్యధిక స్కోరు ఆస్ట్రేలియాకు చెందిన కరెన్ రోల్టన్ 2001లో చేసిన 209. ఆ రికార్డు చెరిగిపోయింది.

ఈ 214ను కాస్త విడదీసి చూడాలి. ఆమె ఎదుర్కొన్న బంతులు 407. మైదానంలో నిలిచిన సమయం 598 నిమిషాలు, అంటే పది గంటలకు రెండు నిమిషాలు తక్కువ. కొట్టిన ఫోర్లు 19. ఆ 76 పరుగులు తీసివేస్తే మిగిలిన 138 పరుగులూ వికెట్ల మధ్య పరుగెత్తి కూడబెట్టినవే. భారత జట్టు 467 పరుగులు చేసింది. మ్యాచ్ ఎవరూ గెలవకుండా డ్రాగా ముగిసింది.

రెండేళ్ళకు పాకిస్తాన్‌కు చెందిన కిరణ్ బలూచ్ 242 పరుగులతో ఆ రికార్డును దాటింది. భారతీయ మహిళలలో మాత్రం 2025 నాటికి కూడా 214నే అత్యధికం.

2006లో మిథాలీ జట్టు నాయకురాలిగా మళ్ళీ టాంటన్ వెళ్ళింది. ఈసారి ఝులన్ పది వికెట్లు పడగొట్టింది. భారత్ అయిదు వికెట్ల తేడాతో గెలిచి, ఇంగ్లండు గడ్డ మీద మొదటిసారి టెస్ట్ సిరీస్ సాధించింది. ఆ విజయం తరువాత జట్టుకు ఎన్నో టెస్టులు దొరికి ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. మహిళల క్రికెట్ నిర్వహణ అదే సంవత్సరం భారత క్రికెట్ బోర్డు చేతికి వచ్చింది. అయినా ఎనిమిదేళ్ళ పాటు ఒక్క టెస్ట్ కూడా లేదు. 2006లో ఇరవై ఏళ్ళున్న క్రీడాకారిణికి మళ్ళీ టెస్ట్ జరిగేసరికి ఇరవై ఎనిమిది వచ్చాయి. 2014లో ఇంగ్లండులోని వార్మ్స్‌లీలో దిగిన జట్టులో ఎనిమిది మందికి అదే మొదటి టెస్ట్. అయినా మిథాలీ నాయకత్వంలో వారు ఆరు వికెట్ల తేడాతో గెలిచారు. ఆ నవంబరులో మైసూరులో దక్షిణాఫ్రికాను ఓడించిన తరువాత 2021 దాకా మళ్ళీ విరామమే.

2022లో మిథాలీ ఆట నుండి విరమించింది. అప్పటికి ఆమె ఆడిన ఒకరోజు మ్యాచ్‌లు 232, వాటిలో చేసిన పరుగులు 7805. టెస్టులు మాత్రం పన్నెండే. వాటిలో చేసినవి 699 పరుగులు, ఒక్కటే శతకం, అది టాంటన్‌లోది. సచిన్ టెండూల్కర్ 200 టెస్టులు ఆడాడని గుర్తు చేసుకుంటే ఆమెకు దక్కనిదెంతో తెలుస్తుంది. ఇది ఆటలో లోపం కాదు, అవకాశంలో లోపం.

పరిస్థితులు క్రమంగా మారాయి. 2015లో బోర్డు క్రీడాకారిణులకు వార్షిక ఒప్పందాలు ఇచ్చింది. 2022లో పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది. 2017 ప్రపంచకప్పులో మన పొరుగు జిల్లా విజయపురకు చెందిన రాజేశ్వరి గాయక్వాడ్ 15 పరుగులకే అయిదు వికెట్లు తీసి న్యూజిలాండ్‌ను కూలగొట్టింది. ఆ ప్రపంచకప్పు ఫైనల్లో లార్డ్స్ మైదానంలో భారత్ తొమ్మిది పరుగుల తేడాతో ఓడింది. గెలిచినది ఇంగ్లండే.

2025 వేసవిలో భారత్ అయిదు ట్వంటీ-ట్వంటీ మ్యాచ్‌ల కోసం ఇంగ్లండు వెళ్ళింది. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో స్మృతి మంధాన 112 పరుగులు చేసింది. కడప జిల్లా ఎర్రమల్లె గ్రామానికి చెందిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణికి ఈ తరహా ఆటలో అదే మొదటి అంతర్జాతీయ మ్యాచ్. ఆమె 12 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది. భారత్ 97 పరుగులతో గెలిచింది. చివరి మ్యాచ్ ఓడినా సిరీస్ 3-2 తేడాతో భారత్‌దే. మొత్తం పది వికెట్లు తీసిన శ్రీచరణి సిరీస్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికయింది. ఆ సంవత్సరం నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను ఓడించి మొదటిసారి ప్రపంచకప్పు గెలిచిన జట్టులోనూ ఆమె ఉంది.