పెరటి పండ్లచెట్లు: పురుగుల బెడద, పంచాయతీ కర్తవ్యము

ఇంటి పెరటిలో పండ్లచెట్టు పెంచుట మన పల్లెలకు క్రొత్త విద్య కాదు. గోడప్రక్క జామ, స్నానపు నీరు పారుచోట అరటి, వాకిట నిమ్మ, పశువుల కొట్టము వెనుక బొప్పాయి మన పెద్దలు ఎరిగినవే. అయినను చెట్టున్న ప్రతి ఇంటను పండు తినుచున్నారని చెప్పజాలము. కాయలు విరివిగా కాచును. పండునాటికి పురుగుపట్టి నేల రాలును. ఇంటివారు విసిగి చెట్టును కొట్టివేయుదురు, లేదా దుకాణమునకు పోయి చేతికందిన విషమును తెచ్చి చల్లుదురు. ఈ రెండును నష్టదాయకములే. పెరటి చెట్టు ఒక ఇంటి సొత్తు గాని, దానిపై వ్రాలు పురుగు ఊరి అందరి సమస్య. కనుక పంచాయతీ సభ్యులు ఈ విషయమును తమదిగా గ్రహింపవలెను.

పండు ఎందులకు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార నియమముల ప్రకారము ప్రతి మనిషికి దినమునకు 100 గ్రాముల పండు కావలెను. అనగా అయిదుగురున్న కుటుంబమునకు దినమునకు అరకిలో. కూలి చేసి బ్రతుకు కుటుంబము ఇంతటి పండును అంగడిలో కొనుట కష్టము. జామపండు 100 గ్రాములలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ గలదు. నారింజలో అందు నాలుగవ వంతుకు మించి ఉండదు. బొప్పాయిలో కంటిచూపునకు మేలు చేయు పదార్థము గలదు. ఇట్టి పండ్లు పిల్లల చేతికి ఉచితముగా అందవలెనన్న పెరడే మార్గము.

అల్మాస్‌గూడ నేర్పు పాఠము

హైదరాబాదు ఆగ్నేయపు అంచున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌లకు చేరువలోనున్న అల్మాస్‌గూడ ఒకప్పుడు సరూర్‌నగర్ మండలమున ఒక గ్రామము. తరువాత బడంగ్‌పేటతో కలిసి పురపాలనలోనికి పోయినది. పొలములు ప్లాట్లయినవి, ప్లాట్లలో ఇండ్లు లేచినవి. రాష్ట్రమునకంతకు పండ్లు పంచిన గడ్డిఅన్నారం మార్కెట్టు ఈ ఊరికి దగ్గరలోని కొత్తపేటలోనే యుండి, 2021లో బాటసింగారమునకు తరలినది. మార్కెట్టు చేరువలో ఉన్నను, దూరమునకు పోయినను, ఇంటి ముందరి నాలుగు గజముల నేలలో కాచు పండునకు సాటి రాదు.

ఇట్టి నగరాంచలములలో ఒక విశేషము గమనింపవలెను. ఇండ్ల నడుమ ఖాళీ ప్లాట్లుండును. యజమానులు ఎచ్చటనో నివసింతురు. ఆ ప్లాట్లలో తామై మొలిచిన జామ, సీతాఫలము, రేగు చెట్లు కాచి రాలుచుండును, ఏరువారుండరు. అవియే పురుగులకు పుట్టినిండ్లగును. నేడు గ్రామములుగా నున్న అనేక ఊళ్ళు రేపు ఇదే స్థితికి రానున్నవి. కనుక ఈ పాఠము వాటికి ముందే అవసరము.

నాటుటలోనే సగము రక్షణ

తెగులు వచ్చిన తరువాత మందు వెదకుటకంటె తెగులు రాని మొక్కను తెచ్చుట మేలు. గింజ మొక్కలకు బదులు నమ్మకమైన నర్సరీ నుండి అంటు మొక్కలను తీసికొనవలెను. సంగారెడ్డిలోని పండ్ల పరిశోధనా స్థానము మామిడి, జామలకు పేరొందినది. ఇది నేడు శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయము క్రింద పనిచేయుచున్నది. జామలో అలహాబాదు సఫేదా, లక్నో-49 రకములును, సీతాఫలములో మన పాలమూరు సీమ ఊరి పేర వెలసిన బాలానగర్ రకమును, నిమ్మలో తిరుపతి పరిశోధనా స్థానము నుండి వెలువడి గజ్జి తెగులును కొంతవరకు తట్టుకొను బాలాజీ రకమును పెరళ్ళకు తగినవి. స్థలము తక్కువయున్నచో దశేరి, నీలము రకముల సంకరమైన ఆమ్రపాలి మామిడి మేలు. దాని చెట్టు పొట్టిగా నుండును.

హైదరాబాదు పరిసరముల ఎర్ర చల్కా నేలలలో అడుగున మొరము తగులును. కావున రెండు మూడడుగుల గోతిని వేసవిలోనే త్రవ్వి ఎండనిచ్చి, పైమట్టితో బాగుగా చివికిన పశువుల ఎరువును, ఒక కిలో వేపపిండిని కలిపి నింపి, తొలకరి వానలకు మొక్కను నాటవలెను. అంటు కట్టిన ముడి నేలకు పైననే ఉండవలెను. పెరటి మొక్కకు దినమునకు ఆరు గంటల ఎండ అవసరము. ఇంటి నీడలో నాటిన మొక్క కాయదు. పైగా దానికి తెగుళ్ళు తరచుగా పట్టును.

జామకు శత్రువు పండు ఈగ

పెరటి జామను పాడుచేయు పురుగులలో పండు ఈగ మొదటిది. ఆడ ఈగ పక్వమునకు వచ్చు కాయ తొక్కలో సూదివంటి అవయవముతో గ్రుచ్చి గ్రుడ్లు పెట్టును. రెండు మూడు దినములలో తెల్లని పురుగులు పుట్టి గుజ్జును తినును. పండు మెత్తబడి రాలును. పురుగు పండునుండి వెలువడి మట్టిలో కొన్ని అంగుళముల లోతున చొచ్చి కోశస్థ దశను గడుపును. తరువాత ఈగగా మారి మరల చెట్టెక్కును. ఈ చక్రము దాదాపు ఒక మాసములో ముగియును. రాలిన పండును విడిచిపెట్టినవాడు వచ్చే మాసపు ఈగలను తానే పెంచుచున్నాడని అర్థము.

నివారణ నాలుగు విధములు.

మొదటిది: రాలిన పండ్లను ప్రతిదినము ఏరి రెండడుగుల లోతున పూడ్చవలెను, లేదా ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కొన్నాళ్ళు ఎండలో పెట్టవలెను. పెంటకుప్పపై పారవేసిన ప్రయోజనము లేదు.

రెండవది: చెట్టు క్రింది మట్టిని అప్పుడప్పుడు గుల్లచేయవలెను. మట్టిలోని కోశములు ఎండకును, పక్షులకును గురియగును.

మూడవది: కాయ నిమ్మకాయంత అయినపుడు కాగితపు సంచిగాని, పలుచని గుడ్డసంచిగాని తొడుగవలెను. ఈగ గ్రుచ్చలేదు.

నాల్గవది: మిథైల్ యూజినాల్ పూసిన ఎరబుట్టలను చెట్టుకు కట్టవలెను. ఆ వాసనకు మగ ఈగలు వచ్చి చచ్చును.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. ఎరబుట్టకు ఆడ ఈగలు రావు. ఒక్క ఇంటివారు మాత్రమే బుట్ట కట్టినచో ప్రక్కింటి నుండి గర్భము దాల్చిన ఆడ ఈగలు వచ్చి గ్రుడ్లు పెట్టును. ఊరంతయు కట్టిననే ఆడ ఈగలకు జతలేక సంతతి తగ్గును. జపాను దేశము తన దక్షిణ దీవులలో ఈ పద్ధతినే దీవి దీవికి అమలుపరచి, 1986 నాటికి ఈ జాతి పండు ఈగను అచ్చట పూర్తిగా నిర్మూలించినది. చుట్టును సముద్రముండుట వారికి కలిసివచ్చినది. మనకు ఆ సౌకర్యము లేదు. కాని ఊరి ఐకమత్యము బెడదను చాలవరకు తగ్గింపగలదు.

మరియొక ఉపాయము. ఫిబ్రవరి, మార్చి నెలల పూతకు వచ్చిన కాయలు వానాకాలమున పండును; వాటికి ఈగ బెడద మెండు. జూన్, జూలై పూత శీతకాలమున పండును. రుచి హెచ్చు, పురుగు తక్కువ. కావున వేసవికి ముందు పూతను త్రుంచి, రెండవ పూతను నిలుపుకొనుట వివేకము.

నిమ్మకు గజ్జి, బొప్పాయికి పిండినల్లి

నిమ్మ ఆకులపైనను కాయలపైనను గరుకైన గోధుమవన్నె మచ్చలు, వాటి చుట్టును పసుపు వలయములు కనబడినచో అది గజ్జి తెగులు. దీనికి కారణము సూక్ష్మజీవి. వానచినుకులు, గాలి దానిని వ్యాపింపజేయును. లేత ఆకులపై పాముపొడలవలె వంకర గీతలు గీయు పురుగు చేసిన గాయముల ద్వారా ఈ తెగులు సులభముగా లోనికి ప్రవేశించును. వానలకు ముందే తెగులు సోకిన కొమ్మలను కత్తిరించి కాల్చి, బోర్డో మిశ్రమమును చల్లవలెను. నిమ్మ లేతాకులపై పక్షిరెట్టవలె కనబడు పురుగు సీతాకోకచిలుక పిల్ల; పెరిగిన పిదప పచ్చగా మారును. దానికి మందు అనవసరము, చేతితో ఏరినచో చాలును.

బోర్డో మిశ్రమమునకు ఆ పేరు ఫ్రాన్సు దేశములోని బోర్డో నగరము వలన వచ్చినది. అచ్చట బాటప్రక్కల ద్రాక్షను దొంగలు కోయకుండ రైతులు మైలుతుత్తము, సున్నము కలిపి చల్లిరి. ఆ తీగలకు తెగులు సోకకపోవుట మిల్లార్డే అను పండితుడు గమనించి 1885లో ప్రకటించెను. ఇంటికి కావలసినంత చేసికొనుట సులభము. 10 గ్రాముల మైలుతుత్తమును అరలీటరు నీటిలోను, 10 గ్రాముల పొడిసున్నమును వేరొక అరలీటరు నీటిలోను కరిగించి, మొదటిదానిని రెండవదానిలో మెల్లగా పోసి కలియబెట్టవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. మట్టిపాత్రగాని ప్లాస్టిక్ బకెట్టుగాని వాడవలెను. మెరుగుపెట్టిన ఇనుప చాకును ముంచి చూడుడు. దానిపై రాగి పూత కనబడినచో మరికొంత సున్నపునీరు కలుపుడు. చేసిన దినముననే చల్లవలెను.

బొప్పాయికి పట్టు తెల్లని దూదివంటి పిండినల్లి కథ మరింత బోధకరము. విదేశమునుండి వచ్చిన ఈ పురుగును మన దేశమున మొదట 2008లో కోయంబత్తూరులో గుర్తించిరి. ఎన్ని విషములు చల్లినను అది లొంగలేదు. దాని మైనపు పూత దానిని కాపాడినది. 2010లో బెంగుళూరులోని జాతీయ సంస్థ శాస్త్రజ్ఞులు ప్యూర్టోరికో నుండి అసెరోఫేగస్ పపాయే అను మిక్కిలి చిన్న కందిరీగ జాతి కీటకమును తెప్పించి విడుదల చేసిరి. అది పిండినల్లిలో గ్రుడ్లు పెట్టి దానిని నశింపజేయును. కొలది కాలములోనే బెడద అణగినది. ఇందు నీతి ఏమనగా, విచక్షణ లేక విషము చల్లువాడు ఈ మిత్ర కీటకములను, అక్షింతల పురుగులను కూడ చంపి శత్రువునకు మేలు చేయుచున్నాడు. పిండినల్లి కొద్దిగా కనబడినచో నీటిధారతో కడిగి, పట్టిన ఆకులను తీసివేసి, దానిని మోయు చీమలను చెట్టెక్కనీయకున్న చాలును.

బొప్పాయి ఆకులు పసుపు పచ్చల మచ్చలుపడి దారములవలె సన్నగిల్లి, కాయపై వలయములు ఏర్పడినచో అది వైరస్ తెగులు. పేనుబంక దానిని మోసికొనిపోవును. దీనికి మందు లేదు. ఆ చెట్టును మమకారము లేక పెరికి పూడ్చివేయుటయే ఊరి తక్కిన చెట్లకు రక్ష.

వేపగింజల కషాయము

పేనుబంక, తెల్లదోమ, ఆకులు తిను లేత పురుగులు మొదలగువానికి వేపను మించిన పెరటి మందు లేదు. వేప పప్పు 50 గ్రాములను దంచి, గుడ్డలో మూటకట్టి లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, ఉదయము పిండి వడగట్టి, కొంచెము సబ్బు కలిపి చల్లవలెను. ఎండకు దీని గుణము తగ్గును గనుక సాయంకాలమే చల్లుట మంచిది. ఆకు పైభాగముతో పాటు అడుగుభాగము కూడ తడియవలెను. చెట్టు నిండుపూతలో ఉన్నపుడు ఏ మందును చల్లరాదు. తేనెటీగలు నశించినచో కాయలు నిలువవు.

విషముతో చెలగాట మొద్దు

పెరటి పండును పిల్లలు కడుగకయే కొరుకుదురు. కనుక పొలపు మందులు పెరటిలోనికి రాదగవు. 2013 జూలైలో బీహారు రాష్ట్రమున ఒక పాఠశాల మధ్యాహ్న భోజనములో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసి 23 మంది చిన్నారులు మరణించిరి. మందు ఉంచిన డబ్బాలో వంటనూనె నింపుటయే అందుకు కారణమని తేలినది. మన ఊళ్ళలో మందు సీసాలలో కిరసనాయిలు, డబ్బాలలో నీరు నింపు ఇండ్లు ఇంకను లేకపోలేదు. ఈ అలవాటును పంచాయతీ గట్టిగా మాన్పింపవలెను.

మందు డబ్బాపై వజ్రాకారపు గుర్తు ఉండును. దాని దిగువ భాగము ఎరుపైనచో అత్యంత విషము, పసుపైనచో మిక్కిలి విషము, నీలమైనచో మధ్యరకము, ఆకుపచ్చయైనచో స్వల్పము. ఎరుపు, పసుపు గుర్తులున్నవి పెరటిలో ఎన్నడును వాడరాదు. కాయలను కార్బైడుతో మగ్గబెట్టుట చట్టవిరుద్ధము. గడ్డిలో పెట్టి మగ్గనిచ్చుట క్షేమము.

పంచాయతీ చేయదగినది

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామమునకు నర్సరీ ఉండవలెనని నిర్దేశించినది. నాటిన మొక్కలు బ్రతుకుటకును పాలకవర్గము బాధ్యత వహింపవలెను. మొక్కను ఇచ్చుటతో పని తీరదు. పండు చేతికి వచ్చువరకు సాగవలెను. అందులకు ఈ క్రింది పనులు ఆచరణసాధ్యములు.

గ్రామసభలో తీర్మానము చేసి, వారమునకొక దినమును రాలిన పండ్ల సేకరణకు నియమించి చాటింపు వేయించుట. అందులకు ఊరి చివర లోతైన గొయ్యి త్రవ్వించుట.

కాపు కాలమున ప్రతి వీధిలోను ఎరబుట్టలు ఒకేసారి కట్టించుట.

ఖాళీ ప్లాట్ల యజమానులకు వర్తమానము పంపి, చెట్ల క్రింద శుభ్రము చేయించుట. వారు రానిచో పంచాయతీయే పూనుకొనుట.

తెగులు సోకిన మొక్కలను నర్సరీ నుండి ఇంటింటికి పోనీయకుండుట.

మండల ఉద్యాన అధికారిని సంవత్సరమునకు రెండుసార్లు, తొలకరికి ముందొకసారి, శీతకాలమునకు ముందొకసారి పిలిపించి చెట్లను చూపించుట. అవసరము కలిగినపుడు కిసాన్ కాల్ సెంటర్‌కు 1800-180-1551 సంఖ్యపై ఉచితముగా తెలుగులోనే మాట్లాడవచ్చును.

ఈ పనులకు పెద్ద ధనము అక్కరలేదు. ఊరివారి కట్టుబాటు కావలెను. ఒక వీధిలో పది ఇండ్లవారు శ్రద్ధ వహించి పదకొండవవాడు ఉపేక్షించినచో, ఆ పది ఇండ్ల శ్రమయు వ్యర్థమగును. ఆ పదకొండవ ఇంటివారి వద్దకు వెళ్ళి నచ్చజెప్పుటకు పంచాయతీ సభ్యుని కంటె తగినవారు లేరు. ఈ తొలకరికి ముందే గ్రామసభలో ఈ విషయము చర్చకు వచ్చినచో, వచ్చు శీతకాలమునకు ఊరి పిల్లలు పురుగులేని జామపండు తినగలరు.